మార్గరెట్ కజిన్స్: ఓటు దగ్గర ఆగిన సమానత

కుల్చారంలో బడి పిల్లలు జనగణమన పాడుతుంటే నాకు మదనపల్లె గుర్తొస్తుంది. 1919 ఫిబ్రవరిలో అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో టాగోర్ వినిపించిన ఆ గీతానికి స్వరలిపి కూర్చిన ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్. ఆమెను తలచుకునేవారు సాధారణంగా అక్కడితో ఆగిపోతారు.

1878లో ఐర్లండ్‌లోని బాయిల్ పట్టణంలో పుట్టి, డబ్లిన్‌లో సంగీతం చదివిన ఆమె, 1908లో అక్కడి మహిళా ఓటుహక్కు సంఘ స్థాపకుల్లో ఒకరు. ముందు స్వపరిపాలన రానివ్వండి, స్త్రీల సంగతి తర్వాత చూద్దామన్నది నాటి ఐరిష్ జాతీయ నాయకుల ధోరణి. ఆమె దాన్ని అంగీకరించలేదు. లండన్‌లోనూ, స్వదేశంలోనూ జైలుకు వెళ్లారు.

1915లో భర్త జేమ్స్‌తో భారతదేశానికి వచ్చి, 1917లో అనీబిసెంట్, డొరొతీ జినరాజదాసలతో కలిసి అడయారులో భారత మహిళా సంఘాన్ని స్థాపించారు. సరోజినీ నాయుడు నాయకత్వాన మాంటేగును కలిసిన మహిళా బృందం వెనుక చొరవ కూడా ఆమెదే. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చింది. అయితే పురుషులకున్న ఆస్తి షరతే వారికీ వర్తించింది. సెంటు భూమి లేని మాల, మాదిగ స్త్రీకి ఆ తీర్మానంతో ఒరిగిందేమీ లేదు. ఆమె భర్తకే ఓటు లేదు మరి!

1927లో పుణెలో అఖిల భారత మహిళా సభ ఏర్పాటులోనూ ఆమెదే ముఖ్యపాత్ర. 1931లో ఆ సభతోపాటు ప్రధాన మహిళా సంఘాలు వయోజన ఓటుహక్కు కోరాయి. ఆస్తి షరతును తొలగించే ఆ కోరిక నిజంగా గొప్పది. అదే నోటితో ప్రత్యేక నియోజకవర్గాలు, రిజర్వేషన్లు వద్దన్నాయి. చదువూ హోదా ఉన్న కుటుంబాల స్త్రీలకు అది ఆత్మగౌరవ ప్రకటన. మరుసటి ఏడాది పూనా ఒప్పందం దాకా అంబేడ్కర్ చేసిన పోరాటం పక్కన పెట్టి చూస్తే, ఐర్లండ్‌లో ఆమె తిరస్కరించిన మాటే ఇక్కడ వేరే గొంతుతో వినిపిస్తుంది: ముందు ఐక్యత, తర్వాత మీ సంగతి. ఆమె నిజాయితీని నేను శంకించను. అత్యవసర శాసనాలను బహిరంగంగా ఖండించి 1932లో మన దేశంలోనూ జైలుపాలైన మనిషి ఆమె. కులం మాత్రం ఆమె లెక్కలో చివరి అంశంగానే మిగిలింది.

పంచాయతీల్లో మహిళా స్థానాల లోపల దళిత, ఆదివాసీ స్త్రీలకు విడిగా చోటు 73వ సవరణతో గానీ రాలేదు. అప్పటికి ఆమె లేరు. పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచాన ఉండి, 1954 మార్చిలో కన్నుమూశారు.