రహీం సాబ్: భారత ఫుట్‌బాల్‌కు పాఠం చెప్పిన హైదరాబాద్ బడిపంతులు

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన స్వర్ణాలు రెండే. మొదటిది 1951లో ఢిల్లీలో, రెండోది 1962లో జకార్తాలో. రెండుసార్లూ కోచ్ ఒక్కరే, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఆయన స్కూలు టీచరు. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరక్కముందే, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత భారత జట్టు ఆసియా క్రీడల్లో మళ్లీ ఫైనల్ ఆడలేదు.

రహీం పేరు వినగానే ఎవరైనా పతకాల గురించే మాట్లాడతారు. ఆ పతకాలు ఎలా వచ్చాయన్నదే అంతకన్నా ముఖ్యమైన కథ.

బడి నుంచి మైదానానికి

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. విద్యార్థిగా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. తర్వాత సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి నడిపిన ఎలెవెన్ హంటర్స్‌కూ, స్థానిక లీగ్‌లో బలమైన జట్టుగా పేరున్న ఖమర్ క్లబ్‌కూ ఆడారు. డిగ్రీ పూర్తయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు.

1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. సంఘం అధ్యక్షుడు సయ్యద్ మహమ్మద్ హాదీ కూడా ఎన్నో ఆటల్లో ఆరితేరినవారే. ఇద్దరూ కలిసి నగరంలో ఫుట్‌బాల్‌ను కింది నుంచి నిర్మించే పని మొదలుపెట్టారు.

ఆ పనిలో రహీంలోని మాస్టారు కనిపిస్తాడు. అప్పట్లో మన దేశంలో గొప్ప ఆటగాడంటే బంతిని కాలి దగ్గరే ఉంచుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడు. జనం చప్పట్లు కొట్టేది దానికే. రహీం ఏకంగా డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. మరో పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో ఆడక తప్పదు. చిన్న పిల్లలకు ఎత్తును బట్టి వేరే పోటీలు. లెక్కలు రాని పిల్లాడికి ఎక్కాలు నేర్పినట్టు, ఏ లోపం ఉంటే దానికి తగిన అభ్యాసం.

పోలీసు జట్టు దండయాత్ర

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీం చేతికొచ్చింది. సంస్థానం భారత్‌లో విలీనమై అప్పటికి రెండేళ్లే. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. అలాంటి కాలంలో దక్కను నుంచి బయల్దేరిన ఈ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలుచుకుంది. అదే కాలంలో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా ఎత్తుకొచ్చింది. 1956, 1957 సీజన్లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ రాష్ట్ర జట్టు వశమైంది.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికర్, యూసుఫ్ ఖాన్ ఈ వాతావరణంలో ఎదిగి భారత జట్టులోకి వెళ్లినవారే. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం కథ మరీ ఆసక్తికరం. పేదింటి కుర్రాడు. సాధనకు నగరంలోకి రావడానికి చేతిలో డబ్బుల్లేవు. అద్దె సైకిల్‌కని రహీం రోజుకో రూపాయి ఇచ్చేవారని బలరాం తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు. రెండు ఒలింపిక్స్ ఆడిన ఆ బలరాం, భారత ఫుట్‌బాల్‌లో చునీ గోస్వామి, పీకే బెనర్జీల సరసన నిలిచారు.

పది గోల్స్ నేర్పిన పాఠం

1951లో ఢిల్లీ స్వర్ణం సొంతగడ్డపై దక్కింది. ఫైనల్లో మేవాలాల్ చేసిన గోల్‌తో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించింది. అసలు పరీక్ష మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఎదురైంది. యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు. చలిదేశపు మైదానంలో మనవాళ్లలో కొందరు బూట్లు లేకుండానే ఆడారు. ఆ తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

ఓటమికి వట్టి కాళ్లొక్కటే కారణం కాదు. మనవాళ్లు ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లతో పాతకాలపు ఆట ఆడుతున్నారు. యూరప్ దాన్ని ఎప్పుడో వదిలేసింది. ఆ రోజుల్లో హంగరీ జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దింపి ప్రత్యర్థి డిఫెన్స్‌ను గందరగోళపరుస్తోంది. రహీం ఈ మార్పులను శ్రద్ధగా గమనించారు. డిఫెన్స్‌లో మూడో బ్యాక్‌ను పెట్టారు, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక నుంచి ఆడించారు. తర్వాత నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, నలుగురు ఫార్వర్డ్‌ల 4-2-4 పద్ధతికి జట్టును మళ్లించారు.

ఫలితం నాలుగేళ్లలో కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2తో ఆతిథ్య ఆస్ట్రేలియాను ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టారు, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడికి అదే తొలి హ్యాట్రిక్. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. ముందుగా గోల్ చేసింది భారతే. చివరికి 4-1తో ఓడి, కాంస్య పోరులో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏ ఆసియా జట్టూ ఒలింపిక్స్‌లో అంత దూరం వెళ్లలేదు. 1960లో రోమ్‌లో తొలి రౌండ్ దాటకపోయినా, ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది, హంగరీతో 2-1 తేడాతోనే ఓడింది. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు.

జకార్తా

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం దెబ్బతింది. టోర్నీ కూడా ఓటమితోనే మొదలైంది, దక్షిణ కొరియా 2-0తో గెలిచింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు గానీ, థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి.

మైదానం బయట పరిస్థితి ఇంకా కష్టం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా క్రీడల్లోకి రానివ్వకపోవడాన్ని భారత క్రీడా ప్రముఖుడు జీడీ సోంధీ తప్పుపట్టారు. దాంతో జకార్తా జనం భారత్‌పై మండిపడ్డారు. మన జట్టు ఎక్కడ కనిపించినా ఈలలు, కేకలు.

ఆ స్థితిలో రహీం ఎవరూ ఊహించని నిర్ణయం తీసుకున్నారు. గాయంతో ఉన్న జర్నైల్‌ను డిఫెన్స్‌లో కాకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లో 3-2తో దక్షిణ వియత్నాంపై గెలుపు, అందులో ఒక గోల్ జర్నైల్‌ది. ఫైనల్‌కు ముందు రాత్రి రహీం ఆటగాళ్లను ఒక్క కానుక అడిగారని, అది రేపటి స్వర్ణమేనని ఆ జట్టు సభ్యులు తర్వాత గుర్తుచేసుకున్నారు. ఫైనల్ గోల్‌కీపర్‌గా, ఫ్లూ నుంచి కోలుకున్న హైదరాబాదీ పీటర్ తంగరాజ్‌ను ఎంచుకున్నారు.

సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియం నిండా జనం, దాదాపు అందరూ భారత్‌కు వ్యతిరేకమే. 20 నిమిషాలకే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా ఆఖర్లో ఒక గోల్ చేసినా 2-1తో భారత్ గెలిచింది.

మాస్టారు లేని బడి

రహీం వెళ్లిపోయాక ఆట ఒక్కసారిగా కుప్పకూలలేదు. 1964 ఆసియా కప్‌లో భారత్ రన్నరప్. 1970 ఆసియా క్రీడల్లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో కాంస్యం. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. అయితే ఇవన్నీ చాలావరకు ఆయన కాలంలో ఎదిగిన తరం విజయాలే. ఆ తరం రిటైరయ్యాక అటు దేశానికి ఆసియా క్రీడల్లో పతకం రాలేదు, ఇటు మన రాష్ట్రాలకు సంతోష్ ట్రోఫీ దక్కలేదు.

కారణం రహీం గొప్పతనంలోనే కొంత ఉంది. సంఘం కార్యదర్శి ఆయనే, పోలీసు జట్టు కోచ్ ఆయనే, కుర్రాళ్లను వెతికి పట్టేదీ ఆయనే, భారత జట్టును నడిపేదీ ఆయనే. గల్లీ పోటీ నుంచి ఒలింపిక్స్ దాకా దారంతా ఒకే మనిషి చేతిలో ఉన్నందువల్లే అన్నీ కలిసి నడిచాయి. ఆ దారిని ఒక వ్యవస్థగా మార్చే బాధ్యత ప్రభుత్వానిది, సమాఖ్యది. వాళ్లు కోచ్ స్థానంలో కోచ్‌ను పెట్టారు గానీ, ఆయన చేసిన మిగతా పనులకు వారసులను తయారు చేయలేదు.

2024లో ‘మైదాన్’ సినిమాతో రహీం పేరు కొత్త తరానికి తెలిసింది. ఆయనకు మరణానంతరమైనా జాతీయ పురస్కారం ఇవ్వాలన్న మాట తరచూ వినిపిస్తుంటుంది. అది న్యాయమైన కోరికే. కానీ ఆయన పని కొనసాగాలంటే పురస్కారం చాలదు. పదేళ్ల పిల్లలకు ఎడమ కాలితో తన్నడం నేర్పే మాస్టార్లు కావాలి, అమ్ముగూడ లాంటి చోటి నుంచి వచ్చే కుర్రాడికి సైకిల్ అద్దె ఇచ్చే ఏర్పాటు కావాలి.