గద్ద కంటే పెద్దదా, చిన్నదా? పక్షుల కొలత నేర్పిన సలీం అలీ

పద్మనాభం కొండ చుట్టూ ఉన్న పొలాల్లో గద్దలు కొత్తేం కాదు. పక్కనే గోస్తనీ నది, కాస్త దూరంలో భీమిలి సముద్రం. కోడిపిల్లల కోసం తిరిగే గద్దను చిన్నపిల్లలు కూడా ఇట్టే గుర్తుపడతారు. కానీ ఒక్కోసారి కొండ మీదుగా రెక్క కదపకుండా తేలిపోతూ, మామూలు గద్ద కంటే బాగా పెద్ద పక్షి కనిపిస్తుంది. అంతే, చర్చ మొదలవుతుంది. ఒకరు రాబందు అంటారు, ఇంకొకరు గరుడ పక్షి అంటారు, మరొకరు మేకపిల్లల్ని ఎత్తుకుపోయే రకమని భయపెడతారు. ఎవరి మాట వారిదే.

ఇలాంటి వాదన తేల్చుకునే దారిని మన దేశంలో మామూలు మనిషి చేతికి అందించింది డాక్టర్ సలీం అలీ. పేరు ముందు డాక్టర్ అని ఉన్నా, ఆయన యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేసిన మనిషి కాదు. ఆ లోటు ఆయన్ని చాలాకాలం వెంటాడింది.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. ఏడాది వయసులో తండ్రి మొయిజుద్దీన్, మూడేళ్లకు తల్లి జీనతున్నిసా చనిపోయారు. పిల్లలు లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంట్లో ఈ పిల్లలందర్నీ పెంచారు. అమీరుద్దీన్‌కు వేటంటే ఇష్టం. మేనల్లుడికి ఓ ఎయిర్‌గన్ ఇచ్చారు. పదేళ్లు దాటీ దాటని ఆ కుర్రాడు ఒకరోజు ఓ పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే మెడ కింద పసుపు మచ్చ ఉంది. ఇది మామూలు పిచ్చుకేనా, తినొచ్చా లేదా అన్న అనుమానం వచ్చింది. మామను అడిగితే ఆయనకీ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌కు చూపించి రమ్మని పంపారు.

తెల్లదొర ముందు నిలబడాలంటే ఆ రోజుల్లో ఏ పిల్లాడికైనా బెరుకే. మిల్లార్డ్ మాత్రం కసురుకోలేదు. అది పసుపు మెడ పిచ్చుక అని చెప్పి, సొరుగులు ఒక్కొక్కటీ లాగి వందల పక్షుల నమూనాలు చూపించారు. చదవడానికి పుస్తకాలిచ్చారు. ఒక పిట్ట పేరు అడగడానికి వెళ్లిన పిల్లాడు జీవితానికి సరిపడా పని తెచ్చుకున్నాడు.

కానీ ఆ పని అన్నం పెట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. కాలేజీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1914లో కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మాలోని తవోయ్ వెళ్లారు. అక్కడ గనుల లెక్కల కంటే అడవిలో పిట్టల మీదే మనసెక్కువ. 1917లో తిరిగొచ్చాక వాణిజ్య చదువుతో పాటు సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం నేర్చుకున్నారు. 1918లో తెహ్మీనాతో పెళ్లయింది. జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రయత్నిస్తే డిగ్రీ లేదని దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించే ఉద్యోగం దొరికింది. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ప్రసిద్ధ శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెస్‌మాన్ దగ్గర శిక్షణ తీసుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి ఆ ఉద్యోగమే లేదు, ఖర్చు తగ్గింపులో తీసేశారు.

భార్యాభర్తలు బొంబాయికి ఎదురు తీరంలోని కీహిమ్ గ్రామంలో ఉండిపోయారు. ఇంటి దగ్గరే చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. ఉద్యోగం లేని మనిషి నెలల తరబడి వాటినే చూస్తూ కూర్చున్నారు. మగ గిజిగాడు ఒక గూడు సగం వరకు అల్లి, ఆడది నచ్చి చేరాక ఇంకో గూడు మొదలుపెడుతుందని, అలా ఒకే కాలంలో చాలా జతలు కడుతుందని వివరంగా రాశారు. ఆ వ్యాసంతోనే శాస్త్రలోకంలో ఆయనకు పేరొచ్చింది.

ఆ తర్వాతి మలుపు మన తెలుగు నేల మీదే. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో పక్షులను లెక్కగా పరిశీలించిన వారు అప్పటికి లేరు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా చేస్తానని సలీం అలీ ముందుకొచ్చారు. 1931-32లో తెహ్మీనాతో కలిసి అడవులు, చెరువులు, గుట్టలు తిరిగారు. ఆ సర్వే ఫలితాలు సొసైటీ జర్నల్‌లో 1933 నుంచి వరుసగా అచ్చయ్యాయి. తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు, భోపాల్ వంటి సంస్థానాల్లోనూ ఇదే పద్ధతి. విశాఖ మన్యంతో సహా తూర్పు కనుమల్లో అప్పటికే వెర్నే పేరుతో ఒక సర్వే జరిగి ఉంది. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయారు. ఆ దెబ్బ నుంచి ఆయన తేరుకున్నది మళ్లీ పనిలోనే.

1941లో ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. పెద్ద పక్షిని గుర్తుపట్టే సంగతి ఇక్కడే తేలుతుంది. అంతకుముందు పక్షి పేరు తేల్చాలంటే తుపాకీతో కొట్టి, చేతిలో పెట్టుకుని, టేపుతో కొలిచి చూసేవారు. సలీం అలీ కూడా సర్వేల్లో అలా చాలా పక్షుల్ని సేకరించినవారే. కానీ ఈ పుస్తకంలో దూరం నుంచి చూసేవాడికి పనికొచ్చే కొలతబద్ద ఇచ్చారు. అంగుళాలు కాదు, అందరికీ తెలిసిన పక్షులే కొలతలు. పిచ్చుక, బుల్‌బుల్, గోరింక, పావురం, కాకి, గద్ద, రాబందు, ఇలా. పక్షి గద్దంత ఉందా, గద్ద కంటే కాస్త పెద్దదా, చిన్నదా అన్నది కూడిక, తీసివేత గుర్తులతో చూపించారు.

వేటాడే పక్షుల విషయంలో ఈ కొలత ఎందుకు అవసరమంటే, ఖాళీ ఆకాశంలో కళ్లు మోసపోతాయి. పక్కన చెట్టో కాకో లేకపోతే ఎత్తు తెలియదు, ఎత్తు తెలియకపోతే సైజు తెలియదు. పైగా డేగల్లో, గద్దల్లో చాలావాటికి ఆడదే మగదానికంటే పెద్దది. పిల్ల పక్షి రంగు ఒకటి, ఎదిగిన పక్షి రంగు ఇంకొకటి. అందుకే సైజుతో ఆగకుండా తోక, రెక్కలు, కాళ్లు చూడాలి.

పద్మనాభం దగ్గర కనిపించే పెద్ద పక్షికి ఈ లెక్క పెట్టి చూస్తే సంగతి తేలికవుతుంది. తోక చివర చీలినట్టుంటే అది మామూలు గద్దే, రెక్కలు చాచితే సుమారు 5 అడుగులు. తల, రొమ్ము తెల్లగా, ఒళ్లంతా ఇటుక రంగులో ఉంటే గరుడ పక్షి, అది అసలు గద్ద కంటే పెద్దదే కాదు. గద్ద కంటే పెద్దగా ఉండి, రెక్క అంచు వెంట వెడల్పాటి తెల్లపట్టీ కనిపిస్తూ, పైనుంచి ఈల వేసినట్టు అరిస్తే పాముల గద్ద. రెక్కల్ని కాస్త పైకెత్తి పట్టుకుని తేలుతూ, పొట్ట తెల్లగా, పొట్టి తోక చివర కోసుగా ఉంటే తెల్లపొట్ట సముద్రపు గద్ద. దాని రెక్కల వెడల్పు 6 అడుగులు దాటుతుంది, తీరం నుంచి కాస్త లోపలికి కూడా వస్తుంది. చిన్న తల, పొట్టి తోక, పలకల్లాంటి వెడల్పు రెక్కలైతేనే రాబందు.

వీటిలో ఏదీ మనిషికి శత్రువు కాదు. పాముల గద్ద ఎక్కువగా తినేది పాముల్నే, సముద్రపు గద్ద తినేది చేపల్ని, రాబందు కళేబరాల్ని. పేరు తప్పు చెప్పుకుంటే రాయి విసిరేది మాత్రం పక్షి మీదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇవన్నీ రక్షణ ఉన్న పక్షులే.

సలీం అలీకి పాత చక్రవర్తుల చూపు మీద కూడా ఆసక్తి. మొఘల్ పాదుషాలు ప్రకృతిని ఎలా గమనించారో 1920ల్లోనే సొసైటీ జర్నల్‌లో వరుస వ్యాసాలు రాశారు. డేగను చేతిమీద పెట్టుకుని వేటాడిన జహంగీర్, అదే శ్రద్ధతో పక్షుల్ని తూయించి, కొలిపించి, చిత్రకారుడు మన్సూర్‌తో బొమ్మలు గీయించాడు.

అమెరికా శాస్త్రవేత్త డిలన్ రిప్లీతో కలిసి సలీం అలీ రాసిన 10 సంపుటాల హ్యాండ్‌బుక్ 1968 నుంచి 1974 మధ్య వచ్చింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. డిగ్రీ లేదని ఒకప్పుడు ఉద్యోగం దక్కని మనిషికి అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలతో పాటు 1978లో విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ కూడా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి మళ్లీ దొరికింది. పట్టుకున్నది పెద్ద చదువుల మనిషి కాదు, రాత్రిపూట పిట్టలు పట్టడం తెలిసిన స్థానికుడు.

1987 జూన్ 20న, 90 ఏళ్ల వయసులో సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు. ఆయన పుస్తకంలో పెద్ద పక్షికి కొలతగా పెట్టిన రాబందు అప్పట్లో ప్రతి ఊరి చివరా కనిపించేది. 1990ల్లో అవి కుప్పకూలాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది, 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించారు. అప్పటికి తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. ఇప్పుడు ఊరి పిల్లల్లో చాలామందికి గద్ద తెలుసు, రాబందు తెలియదు. కొండ మీద గద్ద కంటే పెద్ద పక్షి కనిపించిన రోజున తోక, రెక్క, పొట్ట రంగు చూసి, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు. సలీం అలీ 80 ఏళ్ల పాటు చేసిన పని కూడా అదే.