సూక్ష్మదర్శిని నుండి కాంగ్రా లోయ దాకా: డాక్టర్ వులిమిరి రామలింగస్వామి

పాథాలజీ అన్న మాట మన వికారాబాదు, తాండూరు వాసులకు క్రొత్తది కాదు. బస్టాండు ప్రక్క సందులో, దవాఖానా ఎదుట, మందుల దుకాణం మీది అంతస్తులో ఆ మాట వ్రాసిన బోర్డులు కనిపిస్తూనే ఉంటవి. అయితే ఆ బోర్డు చూచిన వారికి స్ఫురించేది సూదితో రక్తం తీసి, సాయంకాలం రమ్మని చెప్పి పంపే గది మాత్రమే. రోగి ఎరిగినవారు ఇద్దరే: నాడి చూచిన వైద్యుడు, కత్తి పట్టిన శస్త్రవైద్యుడు. వారిద్దరి నడుమ ఎక్కడో కూర్చుండి, రోగి ముఖమైనా చూడకుండా రోగమేమిటో తేల్చి చెప్పే మూడవ వైద్యుని పేరు రోగికి తెలియదు. మా విద్యార్థినీ విద్యార్థులలో గుండె వైద్యులం అవుతామనేవారు ఉన్నారు, పిల్లల వైద్యులం అవుతామనేవారు ఉన్నారు; పాథాలజిస్టు అవుతానని చెప్పినవారు మాకింతవరకు తటస్థపడలేదు. 2023లో వికారాబాదులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది గనుక ఈ సంగతి ఇక మనకు దూరపు ముచ్చట కాదు. అందుచేత, ఆ మరుగు శాస్త్రంలో పేరెన్నికగని, దేశం తినే ఉప్పునే మార్చడానికి కారకులైన ఒక తెలుగు వైద్యుని జీవితాన్ని ఈ సంచికకు ఎన్నుకొన్నాము. వారు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

రామలింగస్వామిగారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించినారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు పొందినారు. 1923లో స్థాపితమైన ఆ కళాశాలకు అప్పటికి పాతికేండ్లు కూడా నిండలేదు. తదుపరి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1951లో డి.ఫిల్. సాధించినారు. వారి బాల్యవిశేషాల జోలికి మేము పోవడం లేదు. మహనీయుల బాల్యమంతా ఒకే మూసలో పోసి వ్రాసే అలవాటు మన సంచికలకు ఇప్పటికే ఎక్కువ.

పాథాలజీ శిక్షణ ఎట్టిదో కొంత తెలిస్తేగాని వారి జీవితంలోని మలుపు అర్థం కాదు. మన దేశంలో నేడు ఎం.బి.బి.ఎస్. తరువాత ఈ శాస్త్రంలో ఎం.డి. చేయడానికి మూడేండ్ల కాలం పడుతుంది. ఆ మూడేండ్లు ఆసుపత్రినే నివాసంగా చేసికొని నేర్చుకొనేవారు గనుక రెసిడెంటు అన్న పేరు వచ్చినది. శస్త్రవైద్యుడు కోసి పంపిన ముక్కను ఫార్మలిన్‌లో ఊరవేసి, మైనంలో పొదిగి, మైక్రోటోమ్ అనే యంత్రంపై నాలుగైదు మైక్రాన్ల మందానికి పొరలు తీస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ పొరకు రెండు రంగులు పూస్తే కణకేంద్రాలు నీలంగాను, తక్కిన భాగం గులాబీగాను కనిపిస్తవి. ఇక సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, ఇది మామూలు వాపా, క్యాన్సరా, క్షయా అని తేల్చాలి. ఒక్కొక్కసారి ఆపరేషన్ బల్లపై రోగి స్పృహలేక ఉండగానే ముక్క వస్తుంది. దానిని గడ్డకట్టించి, కోసి, నిమిషాలలో జవాబు చెప్పాలి. రొమ్ము ఉంచవలెనా తీయవలెనా అన్నది ఆ జవాబుపై ఆధారపడి ఉండవచ్చు. అనంతగిరి గుట్టమీది క్షయ ఆసుపత్రి ఎరిగిన మన ప్రాంతం వారికి, గళ్ళ పరీక్షలో సూక్ష్మదర్శిని విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

వీటన్నిటికంటె కఠినమైనది శవపరీక్ష. మన పల్లెలలో పోస్టుమార్టం అంటే పోలీసుల వ్యవహారంగానే తెలుసు. బోధనాసుపత్రిలో జరిగే శవపరీక్షకు నేరంతో నిమిత్తం లేదు. బంధువుల అనుమతితో, మరణకారణం తెలిసికొనడానికి జరుగుతుంది. ఆ పిమ్మట వైద్యులందరూ ఒక సభగా కూడుతారు. చికిత్స చేసిన పెద్ద వైద్యుడు తన ఊహ చెప్తాడు. చివర పాథాలజీవారు లేచి, దేహంలో కనిపించినదేమిటో చూపుతారు. గురువుగారి ఊహ తప్పైనదని పాతికేండ్ల రెసిడెంటు చెప్పవలసి వస్తుంది, చెప్తాడు కూడా. పెద్దల మాటకు ఎదురు చెప్పరాదని నేర్చుకొన్న మన సమాజంలో ఈ ఆచారం ఎంత గొప్పదో ఆలోచించవలసినదిగా మా విద్యార్థులను కోరుతున్నాము.

ఇంత చేసినా పాథాలజిస్టు చూచేది రోగం యొక్క అంత్యదశనే. ముక్క వచ్చేసరికి రోగం ముదిరి ఉంటుంది. దేహం వచ్చేసరికి అంతా ముగిసి ఉంటుంది. రామలింగస్వామిగారి జీవితంలోని విశేషం ఇక్కడనే ఉన్నది. వారు అంత్యం దగ్గర ఆగక, ఆది ఎక్కడ అని వెదుకుతూ వెనుకకు నడిచినారు.

ఆ నడకకు తొలి మజిలీ నీలగిరులలోని కూనూరు. 1947 నుండి 1954 వరకు అక్కడి పోషకాహార పరిశోధనాలయంలో వారు పనిచేసినారు. సర్ రాబర్ట్ మెకారిసన్ 1918లో ఒక చిన్న గదిలో ఆరంభించిన సంస్థ అది. 1950ల చివర అదే సంస్థ హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందినది. తార్నాకలో దాని ముందునుండి ఎన్నోసార్లు పోయివచ్చిన మన వారికి ఈ చరిత్ర తెలియదు. పాథాలజీ ఎరిగినవారు ఆహార పరిశోధనాలయంలో చేయవలసిన పని ఏమున్నదని అడుగవచ్చు. తినని తిండి కూడా కాలేయంపై, గ్రంథులపై, ఎముకలపై తన గుర్తు వేస్తుంది. ఆ గుర్తులను చదవడమే అక్కడి పని.

హిమాలయ పాదప్రాంతాలలో గళగండం, అనగా గాయిటర్, తరతరాలుగా ఉన్న వ్యాధి. మంచు, వర్షం, వరదలు నేలలోని అయొడిన్‌ను కడిగివేస్తవి. ఆ నేలలో పండిన గింజలో అయొడిన్ ఉండదు. ఆ గడ్డి మేసిన పశువు పాలలోను ఉండదు. అయొడిన్ దొరకని థైరాయిడ్ గ్రంథి, దొరికిన కాస్తనైనా పట్టుకొనవలెనని ఉబ్బుతూ పోతుంది. మెడపై గడ్డ వేసికొని తిరగడం ఆ పల్లెలలో వింత కాదు, అవమానమూ కాదు. అసలు నష్టం కంటికి కనిపించనిది. గర్భిణికి అయొడిన్ చాలకపోతే పుట్టే బిడ్డలలో కొందరు చెవిటివారుగా, మూగవారుగా, బుద్ధి ఎదగనివారుగా మిగిలిపోతారు. ఆ నష్టం పుట్టిన పిదప ఏ మందుకూ పూర్తిగా తీరదు.

ఉప్పులో అయొడిన్ కలిపితే గళగండం తగ్గునని స్విట్జర్లాండు, అమెరికా దేశాలలో 1920ల నుండే తెలుసు. అయితే మన దేశపు ముతక ఉప్పులో, మన తేమలో, మన బీద గ్రామాలలో అది నిలుచునా అన్నది ప్రశ్న. 1956లో రామలింగస్వామిగారు, వారి సహచరులు కాంగ్రా లోయను ఎన్నుకొన్నారు. అప్పుడది పంజాబులోనిది, 1966 నుండి హిమాచల్ ప్రదేశ్‌లోనిది. సుమారు లక్ష జనాభాగల ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించినారు. మొదటి మండలానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, మూడవ మండలానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు సరఫరా చేసినారు. నడిమి మండలానికి మామూలు ఉప్పే వెళ్ళినది. ఒక మండలపు ఉప్పు మరొక మండలంలోకి పోకుండా చూడాలి. అమ్మకందారును, గృహిణిని ఒప్పించాలి. బడిపిల్లల మెడలు తడిమి లెక్క వ్రాయాలి. ప్రయోగశాల గోడలు లేని ప్రయోగమది.

ఆరేండ్లు గడచినవి. ప్రారంభంలో మూడు మండలాలలోను గళగండం ఇంచుమించు 38 శాతం. 1962లో మరల లెక్కించగా మొదటి మండలంలో 19 శాతానికి, మూడవ మండలంలో 15 శాతానికి తగ్గినది. నడిమి మండలంలో తగ్గుదల లేనేలేదు, 40 శాతం దగ్గర ఉన్నది. అయొడేట్ తేమకు నిలుచునది గనుక మన ఉప్పుకు తగినదని స్థిరపడినది. నడిమి మండలానికి కూడా అయొడిన్ ఉప్పు ఇవ్వసాగినారు. 1968 నాటికి అక్కడ కూడా వ్యాధి సగానికి పైగా తగ్గినది.

ఇక్కడ మేము ఒక క్షణం ఆగుతున్నాము. నడిమి మండలం తల్లులు ఆరేండ్లపాటు మామూలు ఉప్పు తిన్నారు. ఆ ఆరేండ్లలో అక్కడ పుట్టిన బిడ్డల మాట ఏమిటి? ఆ మండలం లేకుంటే, గళగండం తగ్గినది క్రొత్త రోడ్ల వలన, క్రొత్త తిండి వలన అని ఎవరైనా వాదించి ఉండేవారు. ప్రభుత్వం ఆ వాదం చాటున కూర్చుండేది. ప్రయోగానికి పూర్వం ఆ లోయ అంతటా దొరికినది మామూలు ఉప్పే, వారినుండి ఎవరూ ఏమీ తీసివేయలేదు అన్నది కూడా నిజమే. అయినా నేటి నైతిక సంఘాలు ఇట్టి ఏర్పాటును అంత సులభంగా అనుమతించవు, అనుమతించరాదు కూడా అని మా అభిప్రాయం. మహనీయుని కొనియాడుతున్నామని ఈ ప్రశ్నను మరుగుపరచడం మాకు సమ్మతం కాదు. దేశంలో కోట్లాది బిడ్డలకు కలిగిన మేలులో ఆ నడిమి మండలం వారికి బాకీ ఉన్నది.

1962లోనే జాతీయ గళగండ నివారణ కార్యక్రమం ఆరంభమైనది. ఈలోగా, 1957లో, రామలింగస్వామిగారు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పాథాలజీ ఆచార్యులైనారు. కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పట్టుదలతో 1956లో వెలసిన సంస్థ అది. పన్నెండేండ్లు అక్కడ శిష్యులను తీర్చిదిద్దినారు. కాంగ్రా ఫలితాలు, ప్రయోగశాల ఫలితాలు ప్రకటించినప్పుడు సహచరుల పేర్లు, శిష్యుల పేర్లు వారి పేరుతో కలిసే ఉంటవి. సహపరిశోధకులతో కోతులకు మాంసకృత్తులు లేని ఆహారం పెట్టి, కాలేయంలో క్రొవ్వు ఎట్లు పేరుకొనునో, ప్రేగుల పొరలు ఎట్లు పలుచబడునో చూచినారు. క్వాషియోర్కర్ అనే వ్యాధితో ఒళ్ళు ఉబ్బిన బిడ్డ దేహంలో జరిగేదేమిటో ఆ విధంగా విశదమైనది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని మనం సంతోషించినాము. ఆ పప్పు పండించే చేనిలో కూలికి పోయే తల్లి బిడ్డ విస్తరిలోకి అది ఎంత చేరుతున్నదో అన్నది ఆ పరిశోధనకు మన ఊరి అనువాదం.

1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానం, 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం వారికి లభించినవి. 1969 నుండి 1979 వరకు అదే వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, 1979 నుండి 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలికి అధిపతిగా ఉన్నారు. పదవులను గురించి ఇంతకంటె వ్రాయము. పదవీవిరమణానంతరం 1994లో సూరత్‌లో ప్లేగు అన్న వార్తతో జనం రైళ్ళెక్కి పారిపోయినప్పుడు, అది నిజంగా ప్లేగేనా అని శాస్త్రజ్ఞులలోనే భేదాభిప్రాయాలు వచ్చినవి. తేల్చడానికి నియమించిన సంఘానికి 73 ఏండ్ల రామలింగస్వామిగారే అధ్యక్షులు. వదంతికి, రుజువుకు నడుమ నిలువవలసి వచ్చినప్పుడు దేశం మరల ఒక పాథాలజిస్టునే పిలిచినది.

1996లో వారు ఉర్బన్ జాన్సన్, జాన్ రోడ్ అనే ఇరువురితో కలిసి ఆసియన్ ఎనిగ్మా అనే వ్యాసం యూనిసెఫ్ ప్రచురణలో వెలువరించినారు. ఆఫ్రికాలోని పెక్కు దేశాలకంటె మన దక్షిణాసియాలో పిల్లలు ఎక్కువగా చిక్కిపోయి ఉండడానికి హేతువేమి అన్నది అందులోని ప్రశ్న. పంట చాలకనా, బీదరికం ఎక్కువైనా అని విచారించి, వారు చివరకు చేరినది స్త్రీ స్థితి దగ్గరకు. బాలికగా తక్కువ తిని, త్వరగా పెండ్లియై, బలహీనురాలైన తల్లికి తక్కువ బరువుతో బిడ్డ పుడుతున్నది. తనకోసం, బిడ్డకోసం సమయాన్నిగాని, సొమ్మునుగాని వెచ్చించే స్వాతంత్ర్యం ఆమెకు లేదు. గాజుపలకపై కణాలను చూచిన కన్ను యాభై ఏండ్లకు ఇంటిలోపలి వడ్డన వరుసను చూచినది. మా కళాశాలలో చదువుతున్న ఆడపిల్లలు, వారిని పంపుతున్న తల్లిదండ్రులు ఈ వ్యాసం సంగతి తప్పక తెలిసికొనవలెను.

ఉప్పు కథ మాత్రం సాఫీగా సాగలేదు. అయొడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదని 1998లో దేశమంతటా అమలులోకి వచ్చిన నిషేధాన్ని 2000లో కేంద్ర ప్రభుత్వం ఎత్తివేసినది. ఏది తినాలో ప్రజల ఇష్టానికి వదలాలని, చిన్న ఉప్పు కొటార్లవారు నష్టపోతారని వాదనలు జరిగినవి. 2001 మే 28న రామలింగస్వామిగారు కన్నుమూసేనాటికి ఆ నిషేధం అమలులో లేదు. 2006లో దానిని పునరుద్ధరించినారు. నేడు వికారాబాదు అంగడిలో కొనే ఉప్పు పొట్లంపై నవ్వుతున్న సూర్యుని బొమ్మ ఉంటే అది అయొడిన్ కలిపినదని గుర్తు. ఆ పొట్లాన్ని విప్పి పొయ్యి ప్రక్కన, తడి తగిలేచోట మూత లేకుండా ఉంచితే అందులోని అయొడిన్ తగ్గిపోతుంది.