డెంగ్ సియావోపింగ్

చైనా దేశమున సిచువాన్ రాష్ట్రమందు పైఫాంగ్ అను పల్లె కలదు. అచట 1904 ఆగస్టు 22వ తేదీన డెంగ్ సియావోపింగ్ జన్మించెను. పదునారేండ్ల ప్రాయమున చదువుకొఱకు ఫ్రాన్సు దేశమునకు ఓడనెక్కెను. చదువునకు ధనము చాలలేదు. ఉక్కు కర్మాగారమునందును, రబ్బరు బూట్లు చేయుచోటను, రెనో మోటారు కార్ఖానాయందును పనిచేసి పొట్ట పోసికొనెను. రెనోలో ఫిట్టరు పని నేర్చెను. ముసలితనమున ఈ విద్యయే అక్కఱకు రాగలదని ఆయన కలనైన తలంపలేదు. ఫ్రాన్సులో నున్నప్పుడే కమ్యూనిస్టులతో చేరెను.

1949లో కమ్యూనిస్టులు అధికారమునకు వచ్చిన పిదప డెంగు ఉన్నత పదవులనందెను. 1958లో మావో సంకల్పమున పల్లెలన్నియు కమ్యూనులయ్యెను. పొలము ఎవనిదియు కాదు. అధికారులు పండని పంటను పండినట్లు లెక్కలు వ్రాసిరి. ఘోరమైన కఱవు వచ్చి కోట్లకొలది జనులు మడిసిరి. మొదట డెంగు కూడ ఆ పథకమును సమర్థించినవాడే. కఱవును చూచిన పిమ్మట ఆయన బుద్ధి మాఱెను. పంటను పెంచు పద్ధతి ఏదైనను సరియేయని వాదింపసాగెను.

1966లో సాంస్కృతిక విప్లవము చెలరేగగా ఆయన పదవులు పోయెను. పెద్దకుమారుడు హింసలపాలై, మేడమీదినుండి పడి, నడువలేనివాడయ్యెను. 1969లో డెంగును జియాంగ్సీ రాష్ట్రమునకు పంపి, ట్రాక్టర్ల మరమ్మతు కర్మాగారమున పనికి పెట్టిరి. అఱువదియైదేండ్ల వృద్ధుడు ఆకురాయి చేతబట్టి ఇనుపముక్కలను రాచుచుండెను. కుమారునకు తానే స్నానము చేయించెడివాడు.

మావో మరణానంతరము, 1977లో, డెంగునకు మరల పదవి దక్కెను. ఆ యేడే విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షను పునరుద్ధరించెను. పొలములలో శ్రమించుచున్న యువకులెందఱో పాతపుస్తకముల దుమ్ము దులిపి పరీక్షకు కూర్చుండిరి.

1978లో అన్‌హుయి రాష్ట్రమందలి సియావోగాంగ్ పల్లెలో 18 మంది కాపులు రహస్యముగ ఒడంబడిక వ్రాసికొనిరి. పొలమును ఇంటింటికి పంచుకొందురు. ప్రభుత్వభాగము చెల్లింపగా మిగిలినది ఎవరిది వారు తిందురు. ఇందుకై ఎవరైన చెఱసాల కేగినచో వారి బిడ్డలను తక్కినవారు పెంచవలెను. ఎంతటి తెగువ! పంట విరివిగ పండెను. 1980లో డెంగు ఈ పద్ధతిని మెచ్చుకొనెను. అది దేశమంతట వ్యాపించెను. 1978లో సుమారు 30 కోట్ల టన్నులున్న ధాన్యము 1984లో 40 కోట్ల టన్నులు దాటెను. షెన్‌జెన్ మున్నగు నాలుగు పట్టణములలో విదేశీ పెట్టుబడులకు ద్వారములు తెఱచిరి. జాలరిపల్లెలు మహానగరములయ్యెను.

కాని 1989లో ప్రజాస్వామ్యము కోరి బీజింగునందు గుమికూడిన విద్యార్థులమీదికి సైన్యమును పంపినవారిలో డెంగు ముఖ్యుడు. పెక్కుమంది మరణించిరి. ఆ రక్తపుమరక ఆయన పేరునుండి చెరగలేదు.

సంస్కరణలు మందగించుట చూచి, 1992లో, ఎనుబదియేడేండ్ల వయస్సున, రైలెక్కి దక్షిణ నగరములు తిరిగి వానికి మరల ఊపు నిచ్చెను. 1997 ఫిబ్రవరి 19న కన్నుమూసెను. ఆయన కోరినట్లే నేత్రములను దానమిచ్చి, చితాభస్మమును సముద్రమున కలిపిరి.