నవయుగ కవి జాషువ

తిక్కన సోమయాజి తాతగారగు మంత్రి భాస్కరుడు గుంటూరు నేలినాడు. అట్టి సీమలో పద్యమునకు కొఱత యెన్నడును లేదు. పద్యము చెప్పుటకు అందఱకును హక్కు గలదా యను ప్రశ్నకు మాత్రము చిరకాలము సరియైన బదులు లేకుండెను. ఆ బదులు తన కావ్యములతో చెప్పిన మహనీయుడు గుఱ్ఱము జాషువ.

నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895 సెప్టెంబరు 28వ తేదీన ఆయన జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమాంబ మాదిగ కులమున బుట్టినది. భిన్నకులముల దంపతుల బిడ్డ యగుటచే బాల్యమునుండియు ఆయనకు ఈసడింపు తప్పలేదు.

మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతముపై కుదిరిన ఉద్యోగము పోగా, 1915-16 ప్రాంతమున జాషువ రాజమహేంద్రవరము చేరెను. అవి మూకచిత్రముల దినములు. తెరపై బొమ్మలు కదలుచుండగా కథయు సంభాషణలును చదివి వినిపించు వాచకుడుగా ఆయన పనిచేసెను. తోలుబొమ్మలాట చూచిన మన పల్లెవారికి ఈ పని సులభముగా బోధపడును. ఆడునది బొమ్మ, మాట వేరొకరిది. బొమ్మ పలికిన మాటకు కరగి కన్నీరు పెట్టువారు, పలికించినవాని కులమేదని అడుగుదురా?

పిమ్మట గుంటూరులో లూథరన్ సంఘమువారి శిక్షణాలయమున పదియేండ్లును, 1928 మొదలు 1942 వఱకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగాను ఉండెను. 1932లో "పిరదౌసి" వెలువడెను. పద్యమునకొక బంగారు నాణెము చొప్పున ఇత్తునన్న గజనీ సుల్తాను వెండి పంపి మాట తప్పిన కథ అది. లెక్కలు వ్రాసి బ్రతుకు మావంటివారికి ఆ కథ మఱింత నాటును. శ్రమకు ఒప్పుకొన్న కూలి ఎగవేయుట ఎంతటి పాపమో అది తెలుపును.

1941లో "గబ్బిలము" వచ్చెను. కాళిదాసుని యక్షుడు ప్రియురాలి కడకు మేఘమును పంపెను. జాషువ కావ్యనాయకుడు ఆకలిగొన్న అస్పృశ్యుడు. కాశీ విశ్వనాథుని కడకు గబ్బిలమును పంపును. హంసను గాక, చిలుకను గాక, జనులు అశుభమని రోయు ప్రాణినే ఏల ఎన్నుకొనెను? ఆ నిరుపేదకు లేని ఆలయప్రవేశము గబ్బిలమునకు గలదు! ఇంతకంటె పదునైన అభియోగము మఱొకటి కలదా?

శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆ కవి పాదమునకు గండపెండేరము తొడిగెను. అంటరానివాడని లోకము తొలగించిన కాలిని మహాపండితుడు తాకి గౌరవించుట సామాన్యమైన విషయము కాదు. 1964లో "క్రీస్తు చరిత్ర"కు సాహిత్య అకాడమీ బహుమతియు, 1970లో పద్మభూషణ బిరుదమును లభించెను. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో ఆయన పరమపదించెను.

చదువరులారా! పుస్తకము నందుకొను చేతిని కులమేదని అడుగని చోటే గ్రంథాలయము. ఈ రజతోత్సవ వేళ "గబ్బిలము"ను ఇంటికి గొనిపోయి, నలుగురును వినునట్లు గొంతెత్తి చదువుడు. తెరచాటున నిలిచి కథ వినిపించిన వాని పద్యములు కంటితో చూచి విడువదగినవి కావు.