పోర్టర్ల నాయకుడు రాండాల్ఫు

మనిషిని మనిషి చిన్నచూపు చూడడానికి జాతి ఎక్కువ కారణమా, డబ్బు ఎక్కువ కారణమా అన్న చర్చ మా ఆఫీసులో టీ వేళ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. గొంతులు పెరగడమే గాని తేలింది లేదు. మేము పండితులము కాము, రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. కనుక వాదం మాని, ఈ ప్రశ్నతోనే జీవితకాలం పెనుగులాడిన ఒక రైల్వే కార్మిక నాయకుని చరిత్రను ఈ ఉగాది సంచిక చదువరులకు విన్నవిస్తున్నాము.

ఏసా ఫిలిప్ రాండాల్ఫుగారు 1889 ఏప్రిల్ 15న అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తండ్రి చర్చిలో బోధకుడు. దానితో ఇల్లు గడవదు గనుక బట్టలు కూడా కుట్టేవాడు. రాండాల్ఫుగారు 1911లో న్యూయార్కు చేరి, లిఫ్టు నడిపి, వడ్డన పని చేసి, తీరిక వేళల్లో కాలేజీ పాఠాలు విన్నారు. అక్కడే సోషలిజం వంటబట్టింది. 1917లో చాండ్లర్ ఓవెన్ అనే మిత్రునితో కలసి మెసెంజర్ అనే పత్రిక పెట్టారు. ఆయన సంసారాన్ని నిలబెట్టింది మాత్రం భార్య లూసిల్‌గారి జుట్టు అలంకరణ దుకాణమే. మహనీయుల చరిత్రల్లో ఇటువంటి ఇల్లాళ్లకు ఒక వాక్యమే దక్కుతుంది, మేమూ అంతకంటె ఎక్కువ వ్రాయలేకపోతున్నాము.

జాతిద్వేషం పెట్టుబడిదారు నీరుపోసి పెంచే మొక్క అని, తెల్ల కూలీ, నల్ల కూలీ ఒకటైననాడు అది ఎండిపోతుందని అప్పటి ఆయన నమ్మకం.

ఆ రోజుల్లో అమెరికా రైళ్లలో పడక పెట్టెలు పుల్మన్ కంపెనీవి. వాటిలో కండక్టర్లు తెల్లవారు, పడకలు పరచి, సామాను మోసి, బూట్లు తుడిచే పోర్టర్లు నల్లవారు. పోర్టరు సొంత పేరు ఏదైనా ప్రయాణికులకు అతడు జార్జియే. అది కంపెనీ స్థాపకుడు జార్జి పుల్మన్ పేరు. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు అలా రైలెక్కింది. నెలకు దాదాపు 400 గంటల పని. డ్యూటీ చార్టులతో వేగే మావంటివారికి ఆ అంకె చాలు. ఒక్క రోజు సెలవు లేకుండా చేసినా రోజుకు పదమూడు గంటల పైమాటే! బండి కదలకముందు పెట్టె సిద్ధం చేసే వేళకు జీతం సరిగా లేదు. ప్రయాణికుల బూట్లకు పూసే పాలిషు సైతం పోర్టరు చేతిడబ్బుతోనే కొనాలి. ఇల్లు గడవడానికి ఇనాములే ఆధారం.

1925 ఆగస్టులో హార్లెంలో పోర్టర్లు యూనియన్ పెట్టుకొని, ఎన్నడూ పోర్టరు పని చేయని రాండాల్ఫుగారిని నాయకునిగా ఎన్నుకొన్నారు. ఆయనను ఉద్యోగం నుంచి తీసివేయడం కంపెనీకి సాధ్యం కాదు గదా!

ఇక్కడే ఆయన నమ్మకానికి రెండు వైపులా దెబ్బ తగిలింది. నల్లజాతి పెద్దలలోనే పలువురు పాదిరీలు, పత్రికలవారు కంపెనీ పక్షం వహించారు. మావాళ్లకు పని ఇచ్చే ధర్మప్రభువును ఎదిరించవచ్చునా అని వారి వాదన. జాతి ఒకటే అయినా అంతస్తు వేరు. తెల్ల కార్మికులకేమో అంతస్తు ఇంచుమించు ఒకటే అయినా జాతి వేరు. డ్రైవర్లు, ఫైర్‌మన్ల సంఘాల నిబంధనలే నల్లవారికి తలుపు మూసేవి. 1894లో పుల్మన్‌పై పెద్ద సమ్మె చేసిన రైల్వే యూనియన్ సైతం, నాయకుడు యూజిన్ డెబ్స్ కోరినా, నల్లవారిని చేర్చుకోలేదు. ఆ సమ్మె ఓడిపోయింది.

పన్నెండేళ్లు గడిచాయి. 1928లో తలపెట్టిన సమ్మెను విరమించడంతో వేలలో ఉన్న సభ్యులు వందలకు దిగిపోయారు. అయినా 1935లో పోర్టర్ల ఓట్లతో గుర్తింపు, 1937 ఆగస్టు 25న కంపెనీతో ఒప్పందం వచ్చాయి. నెలకు పని 240 గంటలకు తగ్గింది, జీతం పెరిగింది.

1941లో యుద్ధ కర్మాగారాలు నల్లవారికి పని ఇవ్వకుంటే వేలమందితో వాషింగ్టన్‌కు నడచి వస్తామని ఆయన ప్రకటించారు. నడక అక్కరలేకపోయింది. జూన్ 25న అధ్యక్షుడు రూజ్వెల్టు ఆ వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు చేశారు.

కార్మికులు ఏకమైతే చాలునన్న పాత మాటను ఆయన వదలలేదు గాని, దానికి ముందు ఒక షరతు చేర్చారని మాకు తోస్తుంది. తలుపు తెరవనిదే లోపలివారితో ఏకం కావడం ఎట్లా? 1959లో దేశ కార్మిక సమాఖ్య మహాసభలో, నల్లవారిని వేరుపెట్టే యూనియన్లను వెళ్లగొట్టాలని ఆయన పట్టుబట్టారు. నల్లజాతి అందరికీ నిన్ను ఎవరు సంరక్షకునిగా నియమించారని అధ్యక్షుడు జార్జి మీనీ మండిపడ్డాడు. 1961లో సమాఖ్య కార్యవర్గం ఆయననే అభిశంసించింది. అప్పుడాయన వయస్సు డెబ్బైరెండు. బయటికి పోలేదు, అందులోనే ఉండి పోరాడారు.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో సుమారు రెండున్నర లక్షలమంది చేరిన మహాప్రదర్శనకు నాయకత్వం ఆయనదే. మార్టిన్ లూథర్ కింగ్‌గారి ప్రసంగం వల్ల అది లోకానికి గుర్తుండిపోయింది. దాని పేరులో ఉద్యోగాలు, స్వేచ్ఛ అనే రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, ఉద్యోగాలే ముందు. పలు యూనియన్లు వచ్చాయి గాని సమాఖ్య కార్యవర్గం మద్దతు ప్రకటించలేదు. లూసిల్‌గారు కూడా ఆ రోజు చూడలేదు. ఆ ఏప్రిల్‌లోనే కన్నుమూశారు. రాండాల్ఫుగారు 1979 మే 16న న్యూయార్కులో, తొంభయ్యో ఏట కాలధర్మం చెందారు. వారికి సంతానం లేదు.