జోసెఫ్ లిస్టరు ప్రభువు

గాయములు కుళ్లకుండ కాపాడు మార్గమును లోకమునకు జూపిన జోసెఫ్ లిస్టరుగారి చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ నివేదించుచున్నాము. ఈయన 1827వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీని ఇంగ్లండు దేశమున అప్టను గ్రామమందు జన్మించెను. తండ్రి వర్తకుడయ్యును, సూక్ష్మదర్శిని యద్దములను మెరుగుపరచి పండితుల మన్ననల నందెను.

లిస్టరుగారు లండనులో వైద్యవిద్య ముగించి, 1860లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యాచార్యుడయ్యెను. ఆ కాలమున శస్త్రచికిత్స చక్కగ జరిగినను, పిదప గాయము కుళ్లి పలువురు మరణించుచుండిరి. చెడుగాలియే దీనికి కారణమని వైద్యులనేకులు నమ్మిరి. కుళ్లుటకు సూక్ష్మజీవులే హేతువని ఫ్రాన్సు దేశీయుడగు పాశ్చరుగారు కనుగొనిన సంగతి నీయన 1865లో గ్రహించి, మురుగునీటి దుర్గంధమును బోగొట్టుటకు వాడుచుండిన కార్బాలిక్ ఆమ్లమును గాయములకు బ్రయోగించెను. ఆ యేడు ఆగస్టు 12వ తేదీని బండిక్రింద బడి కాలు విరిగిన పదునొకండేండ్ల బాలునికి చికిత్సచేయగా, వాడు కాలు కోలుపోక స్వస్థుడయ్యెను. అంతకుముందు కాలుసేతులు దీసివేయబడిన 35గురిలో 16గురు మరణింపగా, ఈ పద్ధతి వచ్చిన పిదప 40మందిలో 6గురే మరణించిరి.

పాలు పులియుటనుగూర్చియు నీయన పరిశోధించి, అందుకు గారణమగు సూక్ష్మజీవిని 1878 ప్రాంతమున వేరుచేసెను. ఆమ్లమును గాలిలో జల్లు తన పద్ధతి యనవసరమని తెలిసినపుడు దానిని తానే విడిచెను. 1897లో ప్రభుపదవి నంది, 1912వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీని పరమపదించెను.

ఈయన గౌరవార్థము 1940లో నొక సూక్ష్మజీవికి లిస్టీరియా యని పేరిడిరి. ఇది కాచని పాలు, జున్ను, మాంసము మున్నగువానిద్వారా దేహమున బ్రవేశించి, గర్భిణులకును శిశువులకును వృద్ధులకును ప్రాణాపాయము గలిగించును. శీతలపేటికలో సైతము పెరుగును. విచిత్రమేమన, క్రిమిసంహారకుని పేరుదాల్చిన యీ జీవిలో గొన్ని తెగలు క్రిమిసంహారక ద్రవ్యములనే యోర్చుకొనుచున్నవి. ఆహారశాలలను శుభ్రపరచుటకు వాడు క్వాటర్నరీ అమ్మోనియం లవణములు లోనికి జొచ్చినంతనే, వానిని వెలుపలికి దోడివేయు సూక్ష్మమైన పంపులను ఈ తెగలు నిర్మించుకొనును. అట్టి పంపుల నిర్మాణమునకు బీసీఆర్‌ఏబీసీ, క్యూఏసీహెచ్ అను జన్యువులు కారణములు. వీనిలో గొన్ని ప్లాస్మిడ్ అను చిన్న వలయములపై నుండి, ఒక జీవినుండి మరియొకదానికి సంక్రమింపగలవు.

అయినను మందు వ్యర్థమని తలపరాదు. తగిన పాళ్లలో, జిడ్డును ముందుగ దోమి వాడినచో నీ జీవులును నశించును. మందు పలుచనైనచోట గాని, జిడ్డు మిగిలినచోట గాని యీ జన్యువులు గలవి బ్రతికి వృద్ధిపొందును. పాలకును మామిడిగుజ్జునకును బేరొందిన మన చిత్తూరు సీమవారికిది మిక్కిలి ముఖ్యము. పాలబిందెను చక్కగ దోముటయు, పాలను పొంగువరకు గాచుటయు, మందును చెప్పిన కొలతకు దగ్గింపకుండుటయు స్వల్పకార్యములు గావు. లిస్టరుగారి విజయము నిత్యజాగరూకతవలననే నిలుచునని మా విద్యార్థులు గ్రహింతురుగాక.